గాజు కొమ్ముచెంబు

మా అత్తగారు జ్ఞానమ్మ అమెరికా వచ్చి, నోవైలో మా ఇంట్లో అడుగుపెట్టాక నాతో అన్న మొదటి మాట, "నీళ్ళు నేను పోసుకుంటాలేవే" అని.

పంతొమ్మిది వందల ఎనభై మూడు, మే నెల. విమానాలు మారి మారి వచ్చిన మనిషి. కాళ్ళు బుంగల్లా వాచిపోయి సోఫాలో కూలబడింది. నేను గ్లాసూ జగ్గూ పట్టుకుని పరిగెత్తాను. గ్లాసు చేతికిచ్చి జగ్గు వంచబోతే, ఆమె అరచెయ్యి గ్లాసు మూతికి అడ్డం వచ్చింది. జగ్గు నా చేతిలోంచి తీసుకుంది. తనే వంచుకుని, తల వెనక్కి వాల్చి, గ్లాసుని పెదాలకు జానెడు ఎత్తున పట్టుకుని గటగటా తాగేసింది. ఒక్క చుక్క కార్పెట్ మీద పడలేదు. నా మొహం మాత్రం మాడిపోయింది. చేతిదాకా తెచ్చిచ్చిన కోడలి చేత్తో గ్లాసెడు నీళ్ళు పోయించుకోవడానికి ఏమిటంత బెట్టు అనుకున్నాను.

ఎందుకో జూన్‌లో తెలిసింది. వెనక డెక్ మీద కూర్చుని ఇద్దరం చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాం.

"మీ నాయన మిషన్ బళ్ళో పంతులు. నువ్వు ఎరగవులే" అంది ఉన్నట్టుండి. "చిన్నప్పుడు మా అమ్మతో నాట్లకు పోయేదాన్ని. దప్పికేస్తే కామందు ఇంటి పెరటిగోడ కాడ నిలబడాల. వంగి దోసిలి పట్టాల. ఆయమ్మ వసారా మీంచి చెంబెత్తి పోసేది. చెంబు మాకు తగలగూడదు గదా! సగం నీళ్ళు దోసిట్లో, సగం మోచేతుల మీదగా మట్టిలో."

"మరి ఇప్పటికీ మీరు ఎత్తే తాగుతారే అత్తయ్యా?"

"ఎత్తి తాగితే తప్పేముందే? శుభ్రం. పోసే చెయ్యి నాదై ఉండాల. అంతే."

చిక్కుడుకాయ పుటుక్కున విరిచి గిన్నెలో వేసింది. ఆ మాట అక్కడితో సరి.

ఆ వేసవంతా మా ఇంట్లో ఒకే గొడవ నడిచింది. గొడవంటే అరుపులూ కేకలూ కాదు. మా అత్తగారు గొడవ పెట్టుకోవాలనుకుంటే ఎక్కువసేపు ప్రార్థన చేస్తుంది. అంతకన్నా భయం ఏముంటుంది?

దానికి కారణం మా మరిది ఆశీర్వాదం. పూర్తిపేరు దైవాశీర్వాదం. ఈస్ట్ లాన్సింగ్ యూనివర్సిటీలో ద్రాక్షతీగల తెగుళ్ళ మీద పనిచేసేవాడు. శనివారం వస్తే ఆదివారం రాత్రి దాకా మా ఇంట్లోనే ఉండేవాడు. జులైలో ఒక ఆదివారం భోజనాల దగ్గర, కోడికూర సగం తిన్నాక, చెయ్యి కంచంలోనే పెట్టి అన్నాడు:

"అమ్మా, నేనొక అమ్మాయిని చేసుకుందామనుకుంటున్నా."

మా ఆయన రత్నరాజు తల ఎత్తలేదు. ఆయనకి ముందే తెలుసు. కార్ల తలుపుల మడతబందులు డిజైన్ చేసే ఉద్యోగం ఆయనది. ఇంట్లో కూడా ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో చూసిగానీ నోరు విప్పడు.

"మనవాళ్ళా?" అంది అత్తయ్య.

"కాదు. వాళ్ళది స్పెయిన్ దేశం. ఇక్కడే, మిషిగన్‌లోనే ఉంటారు. మోన్సే అని. నా ల్యాబ్‌లోనే చేస్తుంది."

"దేవుడి బిడ్డేనా?"

"క్యాథలిక్."

"సరేలే, మరియమ్మ తల్లి పిల్ల. వాళ్ళ నాయన ఏం చేస్తాడు?"

ఆశీర్వాదం నా వైపు చూశాడు. నేను కూరగిన్నె వైపు చూశాను.

"ద్రాక్షతోట ఉందమ్మా."

"మంచిదే గదా. దానికి ఇంత నసుగుడెందుకు?"

"ఆ పళ్ళతో... వైన్ చేస్తారు."

అత్తయ్య నమలడం ఆపింది. ఆపి, నెమ్మదిగా మింగింది. "అంటే సారాబట్టీ" అంది.

"సారా కాదమ్మా, వైన్ అంటే..."

"నాకు చెప్పొద్దురా. మీ నాయన్ని ఎన్ని సాయంత్రాలు భుజాన వేసుకొచ్చానో ఆ సారాకొట్టుకు తెలుసు, నాకు తెలుసు."

మా మామగారిని నేను చూడలేదు. తాగి తాగి, నలభై దాటీ దాటకుండానే కాలవగట్టు మీద పోయాడని మాత్రం తెలుసు. పిల్లలిద్దర్నీ పెట్టుకుని, బైబిలు సంచీ భుజాన వేసుకుని, ఊరూరా తిరిగి వాక్యం చెప్పే బైబిలు ఉమన్‌గా బతికిన మనిషి ఆవిడ. ఆ కళ్ళకి సీసా ఏదైనా ఒకటే.

ఆశీర్వాదం తల్లికి ఎదురు చెప్పలేదు. వంటింట్లో గిన్నెలు కడుగుతూ నాతో అన్నాడు: "వదినా, అమ్మ చెయ్యి నెత్తిమీద పెట్టి ప్రార్థన చెయ్యకుండా నేను పెళ్ళికి నిలబడలేను. మోన్సేదీ అదే మాట. ఆవిడ రాని పెళ్ళి నాకొద్దు అంటోంది. అక్టోబర్లో అమ్మ టికెట్టు. ఈలోగా నువ్వే ఏదో ఒకటి చెయ్యి."

నేనేం చేస్తాను? ఆగస్టులో తెలుగు ఆరాధన రోజున ఆ పిల్లని చర్చికి తీసుకురమ్మన్నాను.

అప్పట్లో డెట్రాయిట్ చుట్టుపక్కల ఉన్న మా తెలుగు క్రైస్తవ కుటుంబాలన్నీ నెలకోసారి ఒక అమెరికన్ లూథరన్ చర్చి బేస్‌మెంట్‌లో కలిసేవాళ్ళం. ఆరాధన అయ్యాక భోజనాలు. మోన్సే పొడుగు గౌను వేసుకుని, తలకి పూలరుమాలు చుట్టుకుని వచ్చింది. నల్లటి జుట్టు, చామనఛాయ, గట్టి మణికట్లు. మన గుంటూరు బస్సెక్కిస్తే ఎవరూ తిరిగి చూడరు. అత్తయ్య "ప్రైజ్ ద లార్డ్" అని ఊరుకుంది. ఆ పిల్ల భోజనాల వేళ అందరికీ నీళ్ళు పోస్తానని జగ్గు పట్టుకుని బల్లల మధ్య తిరిగింది. అత్తయ్య దగ్గరికొచ్చి వంచబోయింది. నేను చూస్తూనే ఉన్నాను. అత్తయ్య అరచెయ్యి గ్లాసుకి అడ్డం పడింది.

అయిపోయిందిలే అనుకున్నాను. ఎవరో అప్పడాలు కావాలని పిలిస్తే అటు వెళ్ళిపోయాను.

సెప్టెంబర్ వచ్చింది. ఆ పిల్ల తండ్రి, జోర్డి అని, పెద్దాయన. తోటలో కోతలు మొదలయ్యాయి, ఒకరోజు అందరూ రండి అని ఫోన్ చేశాడు. ఆ కబురు చెప్పడానికి మా ఇద్దరికీ ధైర్యం చాల్లేదు. అత్తయ్యే అడిగింది: "ఫోన్లో ఎవరు? ఆ పిల్ల నాయనేనా? పోదాం పదండి. బట్టీ ఎట్టుంటదో చూద్దాం."

ఆ రోజు తల్చుకుంటే ఇప్పటికీ నాకు వరసగా జ్ఞాపకం రాదు. నీళ్ళ అడుగున కనిపించే గులకరాళ్ళలా, ఒకటి ఇక్కడా ఒకటి అక్కడా మెరుస్తుంది.

పడమరగా పోయే రోడ్డు. అటూ ఇటూ మొక్కజొన్న. మిషిగన్ సరస్సు ఇంకా కనబడకుండానే గాలిలో దాని తడి తెలుస్తోంది. పా పా అనే ఊరు బోర్డు చూసి మా ఆయన గట్టిగా చదివితే, "ఎవరి పాపరా?" అంది అత్తయ్య వెనక సీట్లోంచి. అదీ ఆ రోజు మొదటి నవ్వు. ఆ ఊరు దాటేసరికి కారు అద్దాల్లోంచి వాసన వచ్చింది. మగ్గిన ద్రాక్ష వాసన. పెళ్ళింట్లో పూలూ పళ్ళూ గంపలకెత్తి గదిలో పెట్టి తలుపేస్తే వస్తుందే, అలాంటిది. మైళ్ళ పొడుగునా అదే వాసన. ముగ్గురం అద్దాలు పూర్తిగా దించేశాం.

తోట ఒక ఏటవాలు మీద ఉంది. జోర్డి టైగర్స్ బేస్‌బాల్ టోపీ పెట్టుకుని ఎదురొచ్చాడు. పొట్టి మనిషి, చేతులు ద్రాక్షరసంతో నల్లబడి ఉన్నాయి. టోపీ తీసి అత్తయ్యకి వంగి దణ్ణం పెట్టాడు. కాబోయే అల్లుడే నేర్పి ఉంటాడనుకుంటా... మా మరిదే, ఇంకెవరు. "మా ఊళ్ళో, స్పెయిన్‌లో, మా నాన్న తోట కూడా ఇట్లాగే పొద్దుటి ఎండకి ఎదురుగా ఉంటుంది. అందుకే ఈ వాలు కొన్నాను. తెల్లారి కళ్ళు నులుముకుంటూ బయటికొస్తే కాసేపు ఏ దేశంలో ఉన్నానో తెలీదు" అన్నాడు.

పీపాల మీద పలక పరిచి గ్లాసులు పెట్టారు. అడుగున రెండు గుక్కలంత పోసి ఇస్తారు. తిప్పాలి, వాసన చూడాలి, నోట్లో పోసుకుని పుక్కిలించాలి, పక్కనున్న బకెట్లో ఉమ్మాలి. షికాగో నుంచి వచ్చిన ఒకావిడ ముత్యాలదండ మెళ్ళో వేసుకుని, ఎంతో నాజూకుగా తుపుక్కున ఉమ్మింది. అత్తయ్య అక్రోటు చెట్టు కింద కుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తోంది.

"ఏమే నవోమీ, పుక్కిలించి ఉమ్మడానికా ఇంత దూరం వచ్చేది వీళ్ళు?"

"రుచి చూస్తారంట అత్తయ్యా, తాగరంట."

"నువ్వు?"

"నేనూ ఉమ్ముతున్నాను."

అబద్ధం. మొదటిదే మింగాను. ఉమ్మడం నా వల్ల కాలేదు. కష్టపడి చేసిన పదార్థం ఎదుట, చేసిన మనిషి ఎదుట, బకెట్లో ఎట్లా ఉమ్ముతాం? మా ఆయనైతే బకెట్ ఎందుకు పెట్టారో కూడా గమనించలేదు. తెల్లటిది ఒకటి, గులాబీరంగుది ఒకటి, నల్లగా చింతపిక్క రంగులో ఒకటి. మొదటిది పచ్చి మామిడిపిందెలా పుల్లగా తగిలింది. చివరిది నాలుక మీద తడి గోనెసంచిలా పడి, తర్వాత ఎక్కడో లోపల పొయ్యి రాజుకున్నట్టు వెచ్చబడింది.

మూడోదానికి నేల కొంచెం మెత్తబడింది. ఎండ ఆవునెయ్యిలా పారుతోంది. తేనెటీగలు బకెట్ చుట్టూ తిరుగుతున్నాయి. ఏటవాలు మీద వరసలు వరసలుగా ద్రాక్షతీగలు. తీగలనే తెలుసు నాకు, కానీ చూస్తూ చూస్తుండగా అవి నాట్లేసే ఆడవాళ్ళ వరసల్లా కనబడ్డాయి. నడుములు వంచి, చేతులు చేతులకు ఆనించి, ఒక పాట ఎత్తబోతున్నట్టు. ఆ వరసల మధ్య మా అత్తగారు, కొంగు నడుముకి దోపి, ఒక్కతే నడుచుకుంటూ పోతోంది. ఎప్పుడు లేచి వెళ్ళిందో! ఆకుల చివర్లు చేత్తో తాకుతూ పోయింది, మేకపిల్లల వీపు నిమిరినట్టు. ఎంతసేపు చూశానో చెప్పలేను. ఆశీర్వాదం నా పక్కకొచ్చి, "వదినా, అమ్మ ఏమన్నా అందా?" అనేదాకా నాకు ఈ లోకంతో పని లేదు.

"ఏమీ అనలేదు."

"సాయంత్రం దాకానే టైముంది వదినా. మళ్ళీ వచ్చేవారం నాకు ల్యాబ్ వదిలే వీల్లేదు. ఆ పైవారం అమ్మ ఫ్లైట్." వాడి చేతిలో గ్లాసు అలాగే నిండుగా ఉంది. తల్లి ఎదుట ఒక్క చుక్క ముట్టలేదు.

భోజనాలు అక్రోటు చెట్టు కిందే. టమాటా ముక్క రుద్దిన రొట్టె, ఉప్పుచేప, కాల్చిన వంకాయలు. వంకాయల్ని చూసి అత్తయ్య కొంచెం నిమ్మళించింది. తింటూ తింటూనే అంది: "ఒరే ఆశీర్వాదం, అడుగు. ఈయన తాగుతాడా?"

"అమ్మా! అలా అడక్కూడదే."

"అడగడానికే వచ్చా."

వాడు నీళ్ళు నమిలాడు. మోన్సేకి తెలుగు రాదు గానీ, అత్తయ్య బొటనవేలు నోటివైపు తిప్పడం చూసింది. తండ్రికి తనే చెప్పింది. జోర్డి టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అతను ఇంగ్లీషులో చెబుతుంటే ఆశీర్వాదం తెలుగులో చెప్పుకుంటూ పోయాడు.

"భోజనంతో రెండు గ్లాసులు, రోజూ తాగుతానమ్మా. నా భార్య పోయినప్పుడు మటుకు పట్టపగ్గాల్లేవు. పొద్దున్నే మొదలుపెట్టేవాణ్ణి. ఇదిగో, ఇది చదువు మానేసి వచ్చి, నేలమాళిగకి తాళం వేసి, తాళంచెవి మెళ్ళో కట్టుకుంది. తిట్టాను. తలుపు బాదాను. ఇవ్వలేదు. నా అంతట నేను అడగడం మానేశాక తీసి నా చేతిలో పెట్టి, మళ్ళీ చదువుకి పోయింది."

అత్తయ్య మోన్సే వంక చూసింది. ఆ పిల్ల బల్ల మీది రొట్టెపొడి చేత్తో పోగుచేస్తోంది.

"తాళం వెయ్యడానికి మాకు తలుపు గూడా లేదు" అంది అత్తయ్య.

ఆ మాట ఆశీర్వాదం తర్జుమా చెయ్యలేదు. ఎవరూ చెయ్యమనలేదు.

బరువు దించుదామనేమో జోర్డి లేచి లోపలికెళ్ళి ఒక వింత గాజుపాత్ర తెచ్చాడు. పొట్ట గుండ్రం, మెడ వెడల్పు, పక్కనుంచి కొంగముక్కులా సన్నటి పొడుగాటి కొమ్ము. నిండా అప్పుడే మరలో పిండిన పచ్చి ద్రాక్షరసం. "మత్తు లేదు, ఇవాళ పొద్దుటి పళ్ళు" అని ముందే చెప్పాడు.

"కొమ్ముచెంబు గదా ఇది! గాజుది" అంది అత్తయ్య ఆశ్చర్యంగా.

జోర్డి దాన్ని మెడ పట్టుకుని పైకెత్తి, తల వెనక్కి వాల్చి వంచాడు. సన్నటి ఊదారంగు ధార గాలిలో వంపు తిరిగి సరిగ్గా నోట్లో పడింది. పెదవి తగల్లేదు. మా ఆయన చప్పట్లు కొట్టాడు. "మా ఊళ్ళో పదిమంది కూర్చుంటే పదిమందికీ ఇదొక్కటే. చేతులు మారుతుంది గానీ ఎంగిలి పడదు. చుట్టానికైతే ఇంటాయనే పోస్తాడు, అది మర్యాద" అంటూ అత్తయ్య కుర్చీ దగ్గరికొచ్చాడు. పాత్ర పైకెత్తాడు. నోరు తెరవమని నవ్వుతూ సైగ చేశాడు.

నా మత్తంతా దిగిపోయింది.

ఆయన నిలబడి ఉన్నాడు. ఆమె కూర్చుని ఉంది. కొమ్ము ఆమె మొహానికి పైన. అత్తయ్య చెయ్యి లేచి ఆయన మణికట్టు దగ్గర ఆగింది. తొయ్యలేదు, పట్టుకోలేదు, అడ్డం ఉంది అంతే. జోర్డి నవ్వు అలాగే మొహం మీద ఉండిపోయింది. ఏం తప్పు చేశాడో తెలీదు పాపం. ఆశీర్వాదం లేవబోయి కుర్చీ కాలు తట్టుకున్నాడు. కొమ్ము చివర ఒక చుక్క వేలాడుతోంది, పడుతుందా పడదా అన్నట్టు.

మోన్సే వాళ్ళ భాషలో ఒక్క ముక్క అంది. లేచి తండ్రి చేతిలోంచి పాత్ర తీసుకుంది. అత్తయ్య ముందు బల్ల మీద పెట్టింది. పెట్టి, కొమ్ము అటు వైపుకీ, పట్టుకునే మెడ అత్తయ్య కుడిచేతి వైపుకీ వచ్చేలా మెల్లగా తిప్పింది. తన చోటుకు పోయి కూర్చుని మళ్ళీ రొట్టెపొడి పోగుచేసుకుంది.

అత్తయ్య పాత్ర వంక కాసేపు చూసింది. కొంగు సర్దుకుంది. మెడ పట్టుకుని ఎత్తింది. తల వెనక్కి వాల్చింది. ధార పడింది. చెయ్యి పైకి, ఇంకా పైకి పోయింది. జోర్డి పోసిన ధారకి రెండింతలు పొడుగు. ఆకుల్లోంచి ఎండ ఆ ధారలో పడి, గాలిలో ఎర్రదారం సాగదీసినట్టుంది. గటగటమని గొంతు కదలడం తప్ప ఎక్కడా చప్పుడు లేదు. తెల్ల రవిక మీద ఒక్క మరక పడలేదు.

దించి, మూతి తుడుచుకుని, పాత్రని బల్ల మీద అవతలికి జరిపింది. మోన్సే దాకా. జరిపి, మెడ ఆ పిల్ల వైపుకి తిప్పింది.

"తియ్యగుంది. తాగమ్మాయ్" అంది.

మోన్సే తాగింది. తర్వాత ఆశీర్వాదం, తర్వాత జోర్డి. మా ఆయన వంతు వచ్చేసరికి ముక్కులోకి పోసుకుని, కొత్త చొక్కా తడిపేసుకున్నాడు. షికాగో ఆవిడ కూడా తనకీ కావాలని వచ్చి ముత్యాలదండ తడుపుకుంది. అందరికన్నా ఎక్కువ నవ్వింది మా అత్తగారే. ఆ తర్వాత ఆ మధ్యాహ్నం ఎప్పుడు సాయంత్రమైందో నాకు తెలీదు.

బయల్దేరేటప్పుడు ఆశీర్వాదం కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఒరే, ఇక్కడ ఏప్రిల్‌లో మంచు కరుగుద్దా?" అంది అత్తయ్య.

"కరుగుతుందమ్మా. ఎందుకు?"

"ఉపవాసాలుండే శ్రమల దినాల్లో పెళ్ళి చెయ్యగూడదు. ఈస్టర్ దాటాక పెట్టుకోండి, మళ్ళీ వస్తా. బల్ల మీద సీసాలు మాత్రం నా కంటబడగూడదు."

వాడు తలుపు పట్టుకుని అలాగే వేలాడాడు. "వదలరా, నా మడతబందులు ఊడొస్తాయి" అన్నాడు మా ఆయన.

సగం దారి వచ్చాక ఉండబట్టలేక అడిగాను. "చర్చిలో ఆ పిల్ల నీళ్ళు పోస్తానంటే చెయ్యి అడ్డం పెట్టారుగా అత్తయ్యా. నేను వద్దన్నారనే అనుకున్నాను."

"నువ్వు అప్పడాలకు పోయావు గదా. నేను చెయ్యి పెట్టంగానే ఆ పిల్ల ఏం చేసిందనుకున్నావ్? మొహం మాడ్చుకోలా. జగ్గు నా పక్కన పెట్టి, పిడి నా వైపుకి తిప్పి పోయింది." కిటికీలోంచి చీకటిపడుతున్న మొక్కజొన్న చేలు చూస్తూ అంది. "ఏదో అనుకోకుండా పెట్టిందేమోలే అనుకున్నా. మరోసారి చూద్దామనే ఇంత దూరం వచ్చా."

ఇంటికొచ్చాం. అత్తయ్య సోఫాలో కూలబడి కాళ్ళు బార్లా చాపింది. నేను గ్లాసూ జగ్గూ తెచ్చి ఆమె పక్కన బల్ల మీద పెట్టాను. పిడి ఆమె వైపుకి తిప్పి, వెనక్కి జరిగాను.

ఆమె నా వంక చూసింది. గ్లాసు నింపుకుని, ఎత్తి పోసుకుని తాగింది. తర్వాత మళ్ళీ నింపి, గ్లాసుని నా ముందుకి జరిపింది.

"నువ్వు గూడా తాగవే. పొద్దుటినుంచి ఎన్ని మింగావో ఏమో."

"నేను ఉమ్మానని చెప్పానుగా అత్తయ్యా!"

"ఉమ్మినదాని మొహం అట్టా వెలగదు" అని కళ్ళు మూసుకుంది.